సజ్జ మీది డబ్బా

భార్య సారక్క గర్భసంచిని ఆగయ్య స్టీలు పళ్లెంలో చూశాడు. సూరత్‌లో, పర్వత్ పాటియాలోని ఆ నర్సింగ్ హోమ్‌లో అది పద్ధతి. తీసిన భాగాన్ని బంధువులకు చూపిస్తే, తీయలేదని రేపు ఎవరూ గొడవకు రారు. ఆపరేషన్ చేసిన డాక్టరు తలుపు సగం తెరిచి పళ్లెం ముందుకు చాపాడు. గర్భసంచి మధ్యకు చీల్చి ఉంది. లోపల బత్తాయంత గడ్డ, పసుపు రంగులో, మెత్తగా ఉంది. డాక్టరు దాన్ని కత్తెర కొనతో చూపించి ఫైబ్రాయిడ్ అన్నాడు. చాలామంది ఆడవాళ్లకు ఉండేదేనని, క్యాన్సర్ లాంటిది కాదని చెప్పాడు. ఆగయ్య చూశాడు. చూశానని ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

ఆగయ్యకు యాభై మూడేళ్లు. సిరిసిల్ల నుంచి వచ్చి ఇరవై ఏడేళ్లుగా సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతున్నాడు. లింబాయత్‌లో ఒక షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు. ఆ చప్పుడుకి చెవులు కొంత మందగించాయి. సారక్కకు నలభై ఆరు. గోడాదరాలో రెండో అంతస్తు అద్దె గదిలో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. పెద్ద కూతురు పెళ్లయి భివండీలో ఉంది. చిన్న కూతురు సంతోషి బట్టల మార్కెట్‌లో కంప్యూటరు మీద బిల్లులు కొడుతుంది. ఇంట్లో గుజరాతీ బాగా వచ్చింది ఆమెకే కనుక ఆస్పత్రుల్లో మాట్లాడేది ఆమే.

సారక్కకు ఏడాదిన్నరగా నెలకు పద్దెనిమిది రోజులు రక్తం పోతోంది. మొదట చూసినవాళ్లు వయసన్నారు. రెండోవాళ్లు ఒంట్లో వేడన్నారు. మూడోవాళ్లు స్కానింగ్ తీసి గడ్డ అన్నారు. మాత్రలు వాడినా గడ్డ తగ్గలేదు, ఆరు నెలల్లో రెండింతలైంది. అందుకని గర్భసంచి తీసేశారు. వయసు చిన్నదేనని అండాశయాలు మాత్రం ఉంచారు.

సారక్కను వార్డులోకి తెచ్చాక కాంపౌండరు ఆగయ్యను పిలిచి రెండు డబ్బాలు చేతిలో పెట్టాడు. చిన్న సీసాలో బొటనవేలంత ముక్క ఉంది. దాన్ని రింగ్ రోడ్డు దగ్గరున్న ల్యాబ్‌లో ఇవ్వాలి. మందునీళ్లలో మునిగి మిగతాదంతా ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా చూపించి, "యే ఫేంక్ దేనా" అన్నాడు. పారేయమని. ఎక్కడ పారేయాలో చెప్పలేదు. ఆగయ్య అడగలేదు. అది అందరికీ తెలిసిన సంగతేమో అనుకున్నాడు.

చిన్న సీసా అదే రోజు ల్యాబ్‌లో ఇచ్చాడు. పెద్ద డబ్బాను గుడ్డ సంచిలో పెట్టుకుని ముందు తాపీ నది మీది వంతెనకు వెళ్లాడు. జనం పూజాసామాను విసరకుండా వంతెనకు రెండు వైపులా ఎత్తుగా ఇనుప జాలి కట్టి ఉంది. జాలి లేకపోయినా ఏం చేసేవాడో తెలియదు, ఎందుకంటే కొంచెంసేపు నిలబడి, జాలి ఉందని కొంత నిమ్మళపడి వెనక్కి వచ్చాడు. పాతిపెడదామంటే సూరత్‌లో అతనికి జానెడు మట్టి లేదు. ఇంటి కింద సిమెంటు, సందులో రాళ్లు, రోడ్డు పక్క ఉన్న మట్టి ఎవరిదో ఒకరిది. మర్నాడు పొద్దున మునిసిపాలిటీ చెత్తబండి పాట పెట్టుకుని వచ్చింది. ఆగయ్య సంచి పట్టుకుని దిగాడు. బండి మీది మనిషి, "భీనో కే సూకో?" అన్నాడు. తడి చెత్తా పొడి చెత్తా అని. ఆగయ్య జవాబు ఆలోచిస్తుండగా వెనక వచ్చిన ఇద్దరు తమ బుట్టలు గుమ్మరించి పోయారు. బండి కదిలింది.

సారక్క ఇంకా నర్సింగ్ హోమ్‌లోనే ఉంది. సంతోషి ఆమె దగ్గర ఉంది. ఆగయ్య డబ్బా మూతకు చుట్టూ టేపు చుట్టి, ఇంట్లో మంచం పైన గోడకున్న సజ్జ మీద పాత బొంతల వెనక పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. సారక్క ఇంటికి వచ్చి ఆ సజ్జ కిందే మంచం మీద పడుకుంది.

రింగ్ రోడ్డు ల్యాబ్‌లో చిన్న సీసా డాక్టర్ హిమశ్రీ బల్ల మీదికి చేరింది. ఆమెది తణుకు. భర్తకు బ్యాంకు బదిలీ కావడంతో ఎనిమిది నెలల కిందట సూరత్ వచ్చి ఈ ల్యాబ్‌లో చేరింది. సూక్ష్మదర్శినిలో కండ ముక్కలు చూసి జబ్బు పేరు రాయడం ఆమె పని. ఆ పనిలో రోగులు కనిపించరు. చేరిన తర్వాత ఆమె పేరు పెట్టిన రోగాలు రెండు వేలు దాటాయి, చూసిన రోగులు ఇద్దరు. ఆ ఇద్దరూ తలుపు పొరబడి వచ్చినవాళ్లు.

ముక్క మీద చీటీలో ఫైబ్రాయిడ్ అని రాసి ఉంది. హిమశ్రీ స్లైడు చూసి, టీ తాగి వచ్చి మళ్లీ చూసింది. కణాలు చిన్నవిగా, గుండ్రంగా, ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉన్నాయి. మధ్యలో సన్నటి రక్తనాళాలు లెక్కకు మించి ఉన్నాయి. ఇలా కనిపించేవి రెండు. ఒకటి కణాలు దట్టంగా ఉండే ఫైబ్రాయిడ్. తీసేస్తే దాని కథ అయిపోయినట్టే. రెండోది గర్భసంచి లోపొరలో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్. ప్రత్యేకమైన రంగులు వేసి చూస్తే ఒక రంగు రెండోదే అని చెప్పింది, ఇంకో రంగు మొదటిదీ కావచ్చంది. తేలాలంటే గడ్డ అంచు చూడాలి. ఫైబ్రాయిడ్ చుట్టూ ఉన్న కండరాన్ని పక్కకు నెట్టి తన హద్దులో తానుంటుంది. ఆ క్యాన్సర్ కండరంలోకి నాలుకల్లా చొచ్చుకుపోతుంది. సీసాలో వచ్చిన ముక్క సరిగ్గా గడ్డ నడిమధ్యలోంచి కోసింది. దానికి అంచే లేదు.

ల్యాబ్ పెద్ద డాక్టరు కూడా చూశాడు. ఇరవై రెండేళ్లలో ఈ జబ్బు నాలుగుసార్లు చూశానని, నాలుగుసార్లూ తనకు నిద్ర పట్టలేదని చెప్పాడు. ఫైబ్రాయిడ్ అని రాసి, పూర్తి భాగం పంపలేదు కనుక ఇంతకంటే చెప్పలేమని కింద ఒక వాక్యం చేర్చమన్నాడు. హిమశ్రీ అలాగే రాసింది. సంతకం మాత్రం పెట్టలేదు. ఆ కాగితం మూడు రోజులు సొరుగులో ఉంది. నాలుగో రోజు నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేసి మిగతా భాగం ఏమైందని అడిగింది. బంధువులకు ఇచ్చేశామన్నారు. అలా ఇవ్వకూడదు కదా అంటే, అడిగినవాళ్లు లేరన్నారు. ఆగయ్య నంబరు ఇచ్చారు.

ఆపరేషన్ జరిగి అప్పటికి పదమూడు రోజులైంది. ఆగయ్య షెడ్డు బయటకు వచ్చి ఫోన్ ఎత్తాడు. హిమశ్రీ హిందీలో మొదలుపెట్టి, రెండో మాటకే అతని యాస పట్టుకుని తెలుగులోకి మారింది. ల్యాబ్ నుంచి డాక్టర్ని మాట్లాడుతున్నానని, మీ ఆవిడకి ఆపరేషన్ చేసి తీసింది మీకు ఒక డబ్బాలో ఇచ్చారట కదా, దాన్ని ఏం చేశారని అడిగింది.

 ఇది పోలీసుల దాకా పోయే సంగతని అతనికి అనిపించింది.

"నేనెక్కడ పారేయలే మేడం."

"మరి?"

"ఇంట్లనే ఉన్నది. సజ్జ మీద."

 మూత తీశారా అని హిమశ్రీ అడిగింది. తీయలేదన్నాడు. నీళ్లు కారిపోయాయా అంది. టేపు చుట్టానన్నాడు. ఎందుకు ఉంచారండీ అంది. అది రిపోర్టుకు అవసరమైన ప్రశ్న కాదు.

"పారేద్దామని మూడు జాగల తిరిగిన మేడం. చెయ్యి రాలే."

"మంచి పని చేశారు," అంది హిమశ్రీ. "ఇవాళే తెచ్చివ్వండి."

ఈ జబ్బు మొదలైనప్పటి నుంచి ఏ డాక్టరూ ఆగయ్య చేసిన పనిని మెచ్చుకోలేదు. అతను సేఠ్‌ని అడిగి ఇంటికి బయల్దేరాడు. డబ్బా తీయాలంటే సారక్క తల మీదుగా స్టూలు ఎక్కాలి. ఎక్కాడు. ఏం తీస్తున్నావని సారక్క అడిగింది. ఆగయ్య ఇరవై ఏడేళ్ల కాపురంలో నేర్చిన అబద్ధాల్లో ఈ సందర్భానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

సారక్క సజ్జ వైపు చూసింది. తర్వాత డబ్బా వైపు చూసింది.

"ఇన్నొద్దులు నా నెత్తి మీదనే ఉన్నదా?"

"ఇంక యాడ వెడుత?"

సారక్కకు కోపం వచ్చిందో లేదో ఆగయ్యకు తెలియలేదు. ఆమె లేచి కూర్చుని, డబ్బా కింద పెట్టమంది. సంచి తీయమంది. డబ్బా పల్చటి తెల్ల ప్లాస్టిక్‌ది. లోపలిది మసకగా కనిపిస్తోంది. సారక్క ఒంగి, కుట్లు నొప్పి పెడితే ఆగి, మళ్లీ ఒంగి చూసింది.

"గింతేనా," అంది. "ఇద్దరు బిడ్డలు గిండ్లనే ఉన్నరా?"

 ఆమె కాసేపు అలాగే చూసి, మూత గట్టిగా ఉందో లేదో తనే చేత్తో తిప్పి చూసి, తీసుకుపొమ్మంది. అతను మెట్లు దిగేదాకా సారక్క ఏడవలేదు. దిగాక ఏడ్చింది. ఆ సంగతి పక్కగది భాగీరథి చెబితే సంతోషికి తెలిసింది.

షేర్ ఆటోలో ఆగయ్య సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఆవిడ అచారా, అంటే ఊరగాయా, అని అడిగింది. ఆగయ్య తల ఊపాడు. మామిడిదా అంది. దానికీ తల ఊపాడు.

హిమశ్రీ డబ్బాను తనే అందుకుంది. గడ్డ చుట్టూ, అంచులు కలిసేలా, పద్నాలుగు ముక్కలు కోసింది. వాటిని మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే పల్చగా చెక్కి, రంగులు వేసి స్లైడులు చేయడానికి రెండు రోజులు పట్టింది. మొదటి నాలుగు స్లైడుల్లో ఏమీ లేదు. ఐదోదానిలో గడ్డ కండరంలోకి నాలుకలు చాపి ఉంది. తొమ్మిదోదానిలో ఒక సిర లోపలికి కూడా వెళ్లింది. హిమశ్రీ పెద్ద డాక్టర్ని పిలిచింది. ఆయన చూసి, ఐదోసారి అన్నాడు.

ఆ అరుదైన క్యాన్సరే. ఎండోమెట్రియల్ స్ట్రోమల్ సార్కోమా, లో గ్రేడ్. సొరుగులో ఉన్న కాగితం చింపేసి హిమశ్రీ కొత్త రిపోర్టు రాసి సంతకం పెట్టింది. నర్సింగ్ హోమ్ డాక్టరు రిపోర్టు చదివి, క్యాన్సర్ ఆస్పత్రికి చీటీ రాసిచ్చాడు. ఆయన ఈసారి పళ్లెం సంగతి గానీ డబ్బా సంగతి గానీ ఎత్తలేదు.

మామూలుగా ల్యాబ్ పని అక్కడితో అయిపోతుంది. కానీ రెండు రోజుల తర్వాత సారక్క ముగ్గురినీ వెంటేసుకుని, అంటే ఆగయ్యనూ సంతోషినీ రిపోర్టునూ, ల్యాబ్‌కు వచ్చింది. తెలుగు డాక్టరమ్మ కావాలంది. కౌంటర్ దగ్గరి మనిషి రోగులను చూడరంటే, నన్ను చూసే గదా గిది రాసింది అంది. సంతోషి దాన్ని గుజరాతీలో చెప్పింది. లోపలికి పంపారు.

హిమశ్రీ గదిలో రోగులకు కుర్చీ లేదు. తన కుర్చీ సారక్కకు ఇచ్చి తను స్టూలు మీద కూర్చుంది.

"జర సక్కగ చెప్పు డాక్టరమ్మ," అంది సారక్క. "వీళ్లిద్దరు నాకు చెప్తలేరు. క్యాన్సరేనా?"

హిమశ్రీ సంతోషి వైపు చూసింది. సంతోషి నేల వైపు చూసింది.

"క్యాన్సరేనమ్మా. కాకపోతే నిదానంగా పెరిగే రకం."

"గండ్ల గూడ నిదానమైంది ఉంటదా?"

"ఉంటుంది. చాలా అరుదు. గర్భసంచి క్యాన్సర్లు వంద తీసుకుంటే అందులో ఇది ఒకటి ఉంటే ఎక్కువ."

సారక్క ఆలోచించింది. బస్తీలో అందరూ ఏం రోగమని అడుగుతున్నారని, క్యాన్సర్ అంటే వెంటనే ఏడుపు మొదలుపెడతారని, అసలు పేరు తెలుగులో చెప్పమని అడిగింది. హిమశ్రీ ప్రయత్నించింది. గర్భసంచికి లోపల ఒక పొర ఉంటుందని, నెలనెలా రాలేది అదేనని, ఆ పొరకు ఆసరాగా ఉండే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చేది ఇదని చెప్పింది. తెలుగులో దీనికి పేరు లేదని ఒప్పుకుంది. సారక్క అంతా విని, గంత పొడుగు ఎవలకు చెప్తనమ్మ అంది. ఆ తర్వాత బస్తీలో అడిగినవాళ్లకు, పేరు లేని గడ్డ అని చెప్పింది. విచిత్రంగా దానికి ఎవరూ ఏడవలేదు.

హిమశ్రీ ఆమెకు ఒక స్లైడు చూపించింది. సారక్కకు సూక్ష్మదర్శినిలో తన కనురెప్పలే కనిపించాయి. ఆగయ్యకు కనిపించింది. గులాబీ రంగు నేల మీద ఊదారంగు చుక్కలు. బాగా చూసి, రంగు బాగా పట్టిందన్నాడు.

ఇంకో ఆపరేషన్ కావాలని క్యాన్సర్ ఆస్పత్రిలో చెప్పారు. మొదటిసారి ఉంచిన అండాశయాల నుంచి వచ్చే హార్మోనే ఈ గడ్డకు తిండి, అందుకని అవి తీసేయాలన్నారు. మంచిదని ఉంచినవాటిని చెడ్డవని తీయడం ఏమిటని ఆగయ్యకు అర్థం కాలేదు. సంతోషి రెండుసార్లు చెప్పింది. మూడోసారి, నువ్వు సంతకం పెట్టు బాపూ అంది. ఛాతీకి, పొట్టకు సీటీ స్కాన్ తీశారు. ఊపిరితిత్తులు బాగున్నాయి. ఏప్రిల్‌లో రెండో ఆపరేషన్ చేసినప్పుడు మూత్రసంచి వెనక శనగగింజంత గడ్డ ఒకటి దొరికింది. అదీ తీశారు. ఈసారి తీసినవన్నీ ఆస్పత్రివాళ్లే నేరుగా ల్యాబ్‌కు పంపారు. ఆగయ్య ఖాళీ చేతులతో బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరైనా ఏదైనా ఇస్తారేమోనని అలవాటుగా లేచి నిలబడ్డాడు గానీ ఎవరూ ఇవ్వలేదు.

శనగగింజ కూడా అదే జబ్బు. రోజుకు ఒక మాత్ర రాసిచ్చారు. ఒంట్లో ఆ హార్మోను తయారు కాకుండా ఆపే మాత్ర. జుట్టు రాలదా అని సారక్క అడిగితే రాలదన్నారు. రాలలేదు. కానీ రోజుకు పదిసార్లు ముఖం కాలిపోయేది, పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. రాళ్లు అతికించేవాళ్లకు వేళ్లే కావాలి. గంటసేపు గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుని, తర్వాత పనికి దిగేది. మే నెలలో సూరత్‌లో అందరి ముఖాలూ కాలిపోతాయి కనుక ఆ ఒక్క నెల తనకూ మిగతావాళ్లకూ తేడా లేదంది.

వర్షాలు పడ్డాక కూడా ఆవిర్లు తగ్గకపోతే సందు చివర ఉన్న డాక్టరు దగ్గరకు వెళ్లింది. గర్భసంచి తీసేశాక ఇలాగే ఉంటుందని ఆయన మాత్రలు ఇచ్చాడు. ఒక నెలలో హాయిగా నిద్ర పడుతుందన్నాడు. సంతోషి మార్కెట్ నుంచి వచ్చి ఆ మాత్రల అట్టను ఫోటో తీసి హిమశ్రీకి పంపింది. హిమశ్రీ రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది.

"ఒక్కటైనా వేసుకుందా?"

"నై మేడం. రోటీ తిన్నంక అన్నది. ఇప్పుడు తింటున్నది."

"తీసేయండి. ఏ హార్మోనును ఆపడానికి ఆపరేషన్ చేశారో ఆ మాత్రలో ఉన్నది అదే."

సంతోషి పళ్లెం పక్కనున్న మాత్ర తీసుకుంది. సారక్క రొట్టె నములుతూ కూతుర్ని చూసింది. హాయిగా నిద్ర పడుతుందన్నడు గదా అని మాత్రం అంది. మర్నాడు సంతోషి ఆ అట్టను, రిపోర్టు జిరాక్సునూ తీసుకెళ్లి సందు చివర డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన రిపోర్టు రెండుసార్లు చదివాడు. ఈ జబ్బు పేరు వినడం ఇదే మొదలని చెప్పాడు. కాగితం మీద రాసుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. ఆరు నెలలకోసారి స్కాన్. నాలుగోసారి కూడా ఎక్కడా ఏమీ లేదు. క్యాన్సర్ ఆస్పత్రి డాక్టరు స్కాన్ వెలుతురుకు పెట్టి చూసి, బాగుందమ్మా అని హిందీలో చెప్పి, వచ్చే స్కాన్ తారీఖు రాయబోయాడు. ఇలా ఎన్నాళ్లు రావాలని సారక్క అడిగింది. ఈ జబ్బు పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరిగి వచ్చిన దాఖలాలు ఉన్నాయి కనుక వస్తూనే ఉండాలని ఆయన చెప్పాడు. అది చెడ్డవార్తలా చెప్పాడు. సంతోషి దాన్ని తెలుగులోకి తిప్పబోయింది గానీ సారక్కకు హిందీలోనే అర్థమైంది.

"ఇరువై ఏండ్లా?" అంది. "నేను గన్ని ఏండ్ల లెక్క వేసుకోలే."

డాక్టరు ఏమందని అడిగాడు. సరే వస్తానంటోందని సంతోషి చెప్పింది.

బయటకు వచ్చేసరికి పదకొండు కూడా కాలేదు. సంతోషి మార్కెట్‌కు వెళ్లిపోయింది. ఆగయ్య పూర్తి రోజు సెలవు పెట్టి ఉన్నాడు. ఏదైనా తేలితే ఒక పూట చాలదని పెట్టాడు. ఏదీ తేలలేదు. ఇద్దరూ బస్టాపులో నిలబడ్డారు. ఎదురుగా డుమస్ వెళ్లే బస్సు ఆగింది. సముద్రం అక్కడే ఉందని ఇద్దరికీ తెలుసు గానీ ఒక్కసారీ పోలేదు. సారక్క ఎక్కింది. ఆగయ్య వెనకాల ఎక్కాడు.

ఆటు వేళ, సముద్రం వెనక్కి పోయి ఉంది. నల్లటి ఇసుక చివర నీళ్లు ఎక్కడో దూరంగా బురద రంగులో కనిపిస్తున్నాయి. సారక్క చెప్పులు విప్పి కొంతదూరం నడిచి, కాలుతోందని వెనక్కి వచ్చింది. బండి దగ్గర టమాటా భజియా వేయిస్తుంటే ఒక పళ్లెం తీసుకున్నారు. మొదటిది నోట్లో పెట్టుకుని బాగాలేవంది. ఆగయ్య రెండు తిన్నాడు. మిగతావన్నీ ఆమే తిని, పచ్చిమిరపకాయ కూడా కొరికి, ఇంకో పళ్లెం చెప్పమంది.